ఫీల్డ్ జాకెట్, కామఫ్లాజ్ వస్త్రం, నల్లగొండ నేల: సైనిక దుస్తుల ప్రతికృతిపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

సైనిక దుస్తులు రెండు పరస్పర విరుద్ధమైన పనులు చేస్తాయి. ధరించినవాడిని శత్రువు కంటికి ఆననీయకపోవడం మొదటిది. అతడు ఏ ప్రభుత్వానికి, ఏ దళానికి చెందినవాడో చూసేవారికి తెలియజేయడం రెండవది. పాత నమూనా ఫీల్డ్ జాకెట్‌ను కామఫ్లాజ్ బట్టతో తిరిగి కుట్టి అమ్మే ప్రతికృతులలో మొదటి పని పూర్తిగా లుప్తమై, రెండవది మాత్రమే మిగులుతుంది. అది కూడా తరచుగా చారిత్రక వాస్తవానికి దూరంగా మిగులుతుంది. పెద్దవూర, మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ప్రాంత చరిత్రను ఆధారంగా తీసుకొని, సైనిక వస్త్రపు రంగును చారిత్రకాధారంగా ఎంతవరకు స్వీకరించవచ్చో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఫీల్డ్ జాకెట్, ఖాకీ, కామఫ్లాజ్, ప్రతికృతి, నాగార్జునకొండ, సూర్యాపేట, పోలీసు చర్య

1. నాగార్జునకొండ కంచుకధారి

హాలియా నుంచి నాగార్జునసాగర్‌కు వెళ్లే దారిలో పెద్దవూర ఉంది. ఆ దారి చివర, జలాశయం నడుమ ద్వీపంగా మిగిలిన కొండ మీద, 1966లో ప్రారంభమైన పురావస్తు ప్రదర్శనశాలలో ఇక్ష్వాకుల నాటి శిల్పాలు ఉన్నాయి. సాగర్ నీటిలో లోయ మునిగిపోకముందు, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో జరిగిన విస్తృతమైన తవ్వకాలు ఈ నగరపు స్వరూపాన్ని వెలికితెచ్చాయి. అక్కడి శిల్పాలలో అంతఃపుర ప్రాంతానికి చెందిన ఒక సైనికుని ఉబ్బెత్తు చిత్రణ పరిశోధకుల దృష్టిని చాలాకాలంగా ఆకర్షిస్తోంది. చేతిలో ఈటె, తలకు టోపీ, ఒంటికి పొడుగు చేతుల కుట్టు అంగీ, కాళ్లకు పంట్లాం. కళాచరిత్రకారులు ఇతనిని శక సైనికుడిగా గుర్తించారు.

ఆంధ్రదేశపు బౌద్ధ శిల్పంలో మనుషులు సాధారణంగా కుట్టని వస్త్రాలతో, పలుచని ధోవతులతో, ఆభరణాలతో కనిపిస్తారు. ఆ గుంపులో నిండుగా కుట్టిన దుస్తులతో ఉన్న ఈ మనిషి పరాయివాడని ఇట్టే తెలిసిపోతుంది. అతడు నిజంగా పరాయివాడా, పరాయి దుస్తులు తొడిగిన స్థానికుడా అన్నది శిల్పం చెప్పదు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని రాణులలో రుద్రధర భట్టారిక ఉజ్జయిని మహారాజు కూతురు. అక్కడి శాసనాలలో శకులకు సంబంధించిన ప్రస్తావనలూ ఉన్నాయి. కనుక శక దేశపు కావలివారు విజయపురికి వచ్చి ఉండవచ్చు. అంతఃపురపు గుమ్మం దగ్గర విదేశీ వేషధారిని నిలబెట్టడం హోదాకు చిహ్నమై, స్థానికులకే ఆ వేషం వేయించి ఉండవచ్చు కూడా. రెండవ ఊహ నిజమైతే, ఈ ప్రాంతంలో సైనిక కోటుకు లభించిన తొలి ప్రతికృతులలో ఇదొకటవుతుంది. మొదటి ఊహ నిజమైనా, పలనాటి సున్నపురాతిలో చెక్కిన ఆ కోటు ఒక ప్రతికృతే. ఉత్తరాది చలికీ గుర్రపు స్వారీకీ తగినట్టు రూపొందిన దుస్తులు కృష్ణాతీరపు ఉక్కపోతలో చేసిన పని వేరు. అక్కడ ఆ కోటు మనిషిని చలి నుంచి కాపాడలేదు, ఇతడు సైనికుడని మాత్రం చాటింది.

ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ ఫీల్డ్ జాకెట్ విషయంలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. పుట్టిన నేలనూ అవసరాన్నీ వదిలిపెట్టి వచ్చిన సైనిక వస్త్రం దేన్ని మోసుకొస్తుంది? దేన్ని పోగొట్టుకుంటుంది?

2. పేరులోని చిక్కు

తెలుగులో ఈ వస్తువుకు పేరు పెట్టడమే ఒక చిక్కు. వాడుకలో ‘జాకెట్టు’ అంటే రవిక. మగవారి పైతొడుగుకు ‘కోటు’ అన్న మాటే స్థిరపడింది. తెలంగాణలో చొక్కాకు ‘అంగీ’ ఉంది. ‘ఫీల్డ్ జాకెట్’ అన్నప్పుడు ‘ఫీల్డ్’ యుద్ధక్షేత్రం. కవాతు మైదానంలో, కార్యాలయంలో తొడిగే దుస్తులకు భిన్నంగా, పోరాడే చోట తొడిగే కోటని అర్థం.

ప్రాచీన భాషలో ఇంతకంటే స్పష్టమైన మాటలున్నాయి. అమరకోశం కంచుక, వారబాణ పదాలను పర్యాయాలుగా చెబుతుంది. కంచుకానికి కవచమనీ, రవిక అనీ, పాము విడిచిన పొర అనీ అర్థాలున్నాయి. తెలుగు నిఘంటువులు కుప్పసానికి చొక్కా, రవిక అన్న రెండర్థాలూ ఇస్తాయి. కుబుసం రవికా అవుతుంది, పాము వదిలిన పొరా అవుతుంది. అంటే యోధుని తొడుగుకూ స్త్రీల తొడుగుకూ ఒకే మాట వాడటం ఇంగ్లీషు ప్రభావంతో వచ్చిన గందరగోళం కాదు, అంతకు ముందునుంచే ఉన్న అలవాటు. ‘కామఫ్లాజ్’కు మాత్రం తెలుగులో స్థిరపడిన మాట లేదు. పరిసరాలలో కలిసిపోయేలా మచ్చలు అచ్చువేసిన బట్ట అని వివరించాల్సిందే. బట్టల దుకాణంలో మాత్రం ఈ ఇబ్బంది లేదు. అక్కడ దాని పేరు ‘ఆర్మీ ప్రింట్’.

3. క్షేత్రంలో పుట్టిన కోటు

ఫీల్డ్ జాకెట్‌గా నేడు ప్రసిద్ధమైన నమూనాలు అమెరికా సైన్యానివి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో వచ్చిన ఎం-1943 వీటికి మూలరూపం. దానికి ముందరి పొట్టి జాకెట్టు ఎం-1941 చలికి సరిపోలేదు, జేబులూ చాలలేదు. ఎం-1943ను తొడ వరకు పొడిగించి, నాలుగు పెద్ద జేబులు పెట్టి, నడుము దగ్గర బిగించుకొనే తాడు అమర్చారు. దానిలోని అసలు ఆలోచన పొరల పద్ధతి. ఒకే దళసరి కోటుకు బదులు, లోపల ఉన్ని స్వెటరూ పైన గాలిని ఆపే నూలు తొడుగూ. వాతావరణాన్ని బట్టి పొరలు కలుపుకోవచ్చు, తీసేయవచ్చు. కొరియా యుద్ధకాలపు ఎం-1951లో జిప్పూ నొక్కుడు గుండీలూ చేరాయి. ఎం-1965లో కాలరు లోపల మడిచిపెట్టే టోపీ, ముంజేతుల దగ్గర అంటుపట్టీలు, నూలు–నైలాన్ మిశ్రమ వస్త్రం వచ్చాయి.

వీటి రంగును ప్రత్యేకంగా గమనించాలి. ఎం-1943, ఎం-1951, తొలి ఎం-1965 జాకెట్లన్నీ ఏకవర్ణపు ఆలివ్ ఛాయలలోనివే. వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులు ఇళ్లలోనూ వీధుల్లోనూ తొడుక్కున్నదీ, యుద్ధవ్యతిరేక ప్రదర్శనలలో కనిపించినదీ, 1976 నాటి ‘టాక్సీ డ్రైవర్’ చిత్రంలో కథానాయకుడు వేసుకున్నదీ ఆకుపచ్చ జాకెట్టే. మచ్చల బట్టతో ఎం-1965 సైన్యానికి అధికారికంగా అందినది 1980లలో, ‘వుడ్‌ల్యాండ్’ నమూనా అమలులోకి వచ్చాక. ఈ కాలక్రమం తెలిస్తేనే ప్రతికృతుల విలువ తేల్చడం సాధ్యమవుతుంది.

4. ధూళిరంగు: కోదాడ–సూర్యాపేట దారి, 1948

ఆలివ్‌కూ మచ్చల బట్టకూ ముందు ఖాకీ ఉంది. అది పుట్టింది భారత ఉపఖండంలోనే. పారశీకంలో ‘ఖాక్’ అంటే ధూళి. 1846లో పెషావరులో హ్యారీ లమ్స్‌డెన్ ఏర్పాటు చేసిన ‘కోర్ ఆఫ్ గైడ్స్’ దళం ధూళిరంగు దుస్తులు వేసుకుంది. 1857 తిరుగుబాటును అణచివేసేటప్పుడు అనేక బ్రిటిష్ పటాలాలు తమ తెల్ల దుస్తులకు ఈ రంగే అద్దుకున్నాయి. కనిపించకుండా ఉండటానికి పుట్టిన రంగు క్రమంగా ఎక్కడున్నా ఇట్టే గుర్తుపట్టే రంగయింది. తెలుగు పత్రికల భాషలో ‘ఖాకీలు’ అంటే నేటికీ పోలీసులే. సైనిక స్థావరం పేరు జనం నోట నిలిచిపోవడం తెలంగాణకు కొత్త కాదు. సికింద్రాబాదు బోనాలు ‘లష్కర్ బోనాలు’గానే మిగిలాయి.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంపై చర్య ప్రారంభించినప్పుడు ప్రధాన దళం పడమట షోలాపూర్ నుంచి జె.ఎన్. చౌదరి నాయకత్వంలో కదిలింది. తూర్పున విజయవాడ నుంచి ఏ.ఏ. రుద్ర ఆధ్వర్యంలో మరో దళం బయలుదేరింది. మొదటిరోజు ఉదయానికే అది హైదరాబాదు రాజ్యపు సాయుధ శకటాల ప్రతిఘటనను దాటి కోదాడ చేరింది, మధ్యాహ్నానికి మునగాలకు వెళ్లింది. సెప్టెంబరు 15న సూర్యాపేటపై వైమానిక దాడులు జరిగాయి. రజాకార్ల ప్రతిఘటనను ఛేదించి 2/5 గూర్ఖా రైఫిల్స్ పట్టణాన్ని స్వాధీనం చేసుకుంది. వెనుదిరిగిన నిజాం సేనలు మూసీ వంతెనను ధ్వంసం చేశాయి గాని, దాని మీద కాల్పులతో కాపలా పెట్టలేదు. వంతెనకు త్వరగానే మరమ్మతు జరిగింది. సెప్టెంబరు 18న హైదరాబాదు సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ చౌదరికి లొంగిపోయాడు.

ఈ దారి భౌగోళికంగా కూడా విచిత్రమైనది. మునగాల పరగణా అప్పటికి నిజాం రాజ్యంలోది కాదు. చుట్టూ నిజాం గ్రామాలున్నా, అది మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లాకు చెందిన భూభాగం. ఒక ఊరి పొలిమేర దాటితే రాజ్యం మారేది. నేల రంగూ పంటా మాటా మారవు. పోలీసు, సిపాయి, వలంటీరు ఎవరివాడన్నది మాత్రం మారుతుంది. అటువంటి చోట అధికారాన్ని గుర్తించడానికి సామాన్యుడికి కనబడే మొదటి ఆధారం ఒంటిమీది బట్టే.

ఇక్కడే చరిత్రకారునికి ఒక సమస్య ఎదురవుతుంది. హైదరాబాదు రాజ్య సైన్యమూ భారత సైన్యమూ బ్రిటిష్ నమూనాలో పెరిగినవే. రెండింటి కత్తిరింపులు, బెల్టులు, హోదా చిహ్నాల అమరిక దగ్గరి చుట్టాలు. తేడా ప్రధానంగా రంగులో ఉంది. బర్మా రంగంలో అడవి యుద్ధం కోసం ఆకుపచ్చకు మళ్లిన భారత సైన్యం స్వాతంత్ర్యానంతరం ఆలివ్ గ్రీన్‌ను తన రంగుగా చేసుకుంది. పాకిస్తాన్ సైన్యంలో ఖాకీ కొనసాగింది. కాని 1948 సెప్టెంబరుకు సంబంధించి మన ముందున్న దృశ్యాధారాలు దాదాపు అన్నీ నలుపు–తెలుపు ఛాయాచిత్రాలే. ఆ ఫిల్ము మీద ఖాకీ, ఆలివ్, లేత గోధుమ అన్నీ బూడిదరంగులోని దగ్గరి ఛాయలుగా పడతాయి. ఎవరి బట్ట ఏ రంగుదో బొమ్మను బట్టి తేల్చడం చాలా సందర్భాలలో అసాధ్యం. లొంగుబాటు చిత్రాన్ని చూసి ఎవరెవరో చెప్పగలుగుతున్నామంటే, ముఖాలు ముందే తెలుసు గనుక చెప్పగలుగుతున్నాం.

ఇటీవల పాత చిత్రాలకు యంత్ర సాయంతో రంగులద్దడం సులభమైంది. ఆ రంగులు ఆనాటి వస్త్రం నుంచి వచ్చినవి కావు, అద్దినవారి ఊహ నుంచో యంత్రపు సగటు అంచనా నుంచో వచ్చినవి. అటువంటి చిత్రం పుస్తకపు అట్ట మీదకు, పాఠశాల గోడ మీదకు, ఆపై సిద్ధాంత గ్రంథపు అనుబంధంలోకి చేరితే, కొన్నేళ్లకు ‘రజాకార్ల దుస్తులు ఫలానా రంగువి’ అన్న వాక్యానికి ఆ బొమ్మే ఆధారమై కూర్చుంటుంది. ప్రతికృతి మూలాన్ని మింగేయడం ఇలాగే మొదలవుతుంది.

సాయుధ పోరాట దళాల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణం నుంచి 1951 అక్టోబరులో పోరాట విరమణ వరకు, నల్లగొండ దళాలు ఒకే స్థితిలో లేవు. దేశ్‌ముఖుల గూండాలను ఎదుర్కొన్న ఊరి వలంటీర్లు, రజాకార్లతో తలపడిన గెరిల్లాలు, 1948 తరువాత భారత సైన్యం గాలింపుల మధ్య అడవికి తరలిన దళాలు వేర్వేరు అవసరాలలో బతికాయి. ఊరి జనంలో కలిసిపోవలసినవాడికి రైతు ధోవతీ గొంగడే అసలైన మరుగు. అతడికి యూనిఫాం రక్షణ కాదు, ప్రమాదం. ఈ కోణంలో చూస్తే గొంగడిని కూడా కామఫ్లాజ్ చరిత్రలో చేర్చవలసిందే. మూడు తరాలుగా పోరాట వీరుని వేషం చలనచిత్రాలు, నాటకాలు, విగ్రహాల ద్వారా ఒక మూసలో స్థిరపడింది. దాన్ని వెనక్కి 1946కు మోయకుండా ఉండాలంటే, పుచ్చలపల్లి సుందరయ్య 1972 నాటి చరిత్రనూ, స్త్రీశక్తి సంఘటన సేకరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లోని స్త్రీల కథనాలనూ, మల్లు స్వరాజ్యం ఆత్మకథనూ బట్టల గురించిన ప్రశ్నతో మళ్లీ చదవాలి. ఏం కట్టుకున్నారు, ఎవరు కుట్టారు, ఎక్కడ ఉతికి ఆరేశారు, ఏ బట్ట వల్ల పట్టుబడ్డారు అన్న ప్రశ్నలు ఆయుధాల లెక్కకు ఏమాత్రం తీసిపోవు.

5. మచ్చల బట్ట

ఏకవర్ణపు ఖాకీ, ఆలివ్‌ల తరువాతి మెట్టు మచ్చల అచ్చు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, ఫ్రెంచి సైన్యం చిత్రకారులతో ఒక ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసింది. వారు ముందుగా రంగులద్దింది మనుషులకు కాదు, ఫిరంగులకు. అచ్చువేసిన మచ్చల బట్టను సైన్యానికి పెద్దయెత్తున అందించిన తొలి దేశాలలో ఇటలీ ఒకటి. అక్కడ 1929లో డేరా గుడ్డ మీద ఆ అచ్చు మొదలైంది. డేరా గుడ్డే క్రమంగా ఒంటిమీది తొడుగైంది.

మచ్చల బట్టలోని అంతర్వైరుధ్యం 1944 వేసవిలో నార్మండీలో బయటపడింది. అమెరికా రెండో సాయుధ శకట డివిజనుకు చెందిన కొన్ని దళాలకు మచ్చల దుస్తులిచ్చారు. అదే రంగంలో జర్మన్ వాఫెన్ ఎస్ఎస్ దళాలు మచ్చల దుస్తులతోనే పోరాడుతున్నాయి. పొదల మాటున కదిలిన మచ్చల మనిషి శత్రువేనని స్వపక్షం పొరబడిన ఘటనల వల్ల ఆ దుస్తులను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. వస్త్రం దాచే పనిలో విఫలం కాలేదు. గుర్తింపజేసే పనిలో విఫలమై, వేసుకున్నవాడి ప్రాణం మీదకు తెచ్చింది.

1948లో, సూర్యాపేటలో గూర్ఖా దళం ప్రవేశించిన సంవత్సరంలోనే, అమెరికా సైన్యపు ఇంజనీరు పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాలలు వర్జీనియాలోని ఫోర్ట్ బెల్వార్‌లో ఒక ఆకుల అచ్చును రూపొందించాయి. ప్రయోగశాల పేరులోని పొడి అక్షరాలతో దాన్ని ‘ఇ.ఆర్.డి.ఎల్.’ నమూనా అంటారు. దాదాపు ఇరవయ్యేళ్లు అది అటకెక్కింది. వియత్నాంలో 1967 ప్రాంతంలో కొన్ని దళాలకు అందింది. 1981లో దాన్ని అరవై శాతం మేర పెద్దది చేసి, అంచులు మార్చి ‘వుడ్‌ల్యాండ్’గా ప్రవేశపెట్టారు. ప్రపంచమంతటా ‘మిలిటరీ డిజైన్’గా చెలామణీ అవుతున్న ఆకుపచ్చ, గోధుమ, నలుపు మచ్చల మూలం ఇదే.

ప్రతి కామఫ్లాజ్ అచ్చూ ఒక నేలకు గీసిన బొమ్మ అన్న సంగతిని దుస్తుల చరిత్రలు తగినంతగా పట్టించుకోలేదు. ఆ మచ్చలలో ఆ నేల చెట్ల ఆకు పరిమాణం, నీడల సాంద్రత, కొమ్మల అడ్డదిడ్డాలు ఉంటాయి. వుడ్‌ల్యాండ్ బట్ట సమశీతోష్ణ వనపు చిత్తరువు. నల్లగొండ నేలకు ఆ బొమ్మ అతకదు. ఎర్రచెలక, రాతిగుట్టలు, తుమ్మ, సీతాఫలం పొదలు, వేసవిలో గోధుమ వర్ణం, వానాకాలంలో జొన్న పచ్చదనం ఇక్కడి రంగులు. ఇవీ స్థిరం కావు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలిన నాగార్జునసాగర్ ఈ ప్రాంతపు రంగునే మార్చింది. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మాగాణులయ్యాయి. 1948లో ఆ పొలాల మీద ఖాకీ ఎంత కలిసిపోయేదో, 1970ల తరువాత వరిమళ్ల మధ్య అంతగా బయటపడుతుంది. కాలువ అందని ఎత్తు నేలల్లో పాత ధూళిరంగు అలాగే ఉంది. కనుక ఒక వస్త్రం ‘కామఫ్లాజ్ అవునా’ అన్న ప్రశ్నకు సమాధానం ఆ బట్టలో లేదు. ఏ సంవత్సరంలో, ఏ నెలలో, ఏ కాలువకు ఏ వైపున అన్నది తెలిస్తేనే సమాధానం చెప్పగలం.

6. లేని గతానికి ప్రతికృతి

పాత సైనిక దుస్తులను పోగు లెక్కతో సహా తిరిగి తయారుచేయడం ఒక పరిశ్రమగా ఎదిగింది జపానులో. 1993లో టోయో ఎంటర్‌ప్రైజ్ సంస్థ ప్రారంభించిన ‘బజ్ రిక్సన్స్’ వంటి పేర్లతో ఇవి అమ్ముడవుతాయి. పాత కోటు జిప్పు పళ్ల ఆకారం, గుండీ మీది గీతలు, లోపలి చీటీ మీద అచ్చక్షరాలు కూడా అచ్చం దింపుతారు. ఈ శ్రమను తక్కువగా చూడనక్కరలేదు. ఒక తాళపత్రాన్ని అక్షరం మారకుండా ఎత్తిరాసిన లేఖకుని శ్రద్ధ అందులో ఉంది. అసలు ప్రతులు శిథిలమవుతున్నప్పుడు కుట్టుపద్ధతిని భద్రపరిచేది ఇటువంటి ప్రతులే.

చిక్కు వచ్చేది అదే కోటును మచ్చల బట్టతో కుట్టినప్పుడు. మచ్చల బట్టతో ఎం-1965 తయారైతే దానికి 1980ల నాటి చారిత్రక మూలం ఉంది. దాన్ని వియత్నాం యుద్ధపు కోటుగా చెప్పడం మాత్రం కాలవ్యతిక్రమం. వుడ్‌ల్యాండ్ మచ్చలతో ఎం-1943 తయారైతే దానికి మూలమే లేదు. 1943 నాటి కత్తిరింపు, 1981 నాటి అచ్చు, ఈనాటి మిల్లు బట్ట కలిసి ఎన్నడూ ఏ సైనికుడూ తొడగని ఒక ‘పాత’ వస్తువు తయారవుతుంది. దీన్ని నకిలీ అనడం కూడా పూర్తిగా సరికాదు, నకిలీకి ఒక అసలుండాలి. గ్రంథపరిష్కరణ పరిభాషలో చెప్పాలంటే ఇది మిశ్రపాఠం. రెండు ప్రతుల పాఠాలను కలిపి, ఏ ప్రతిలోనూ లేని మూడో పాఠాన్ని ప్రాచీనమని ప్రకటించడం.

దీనికి ఒక మినహాయింపును గుర్తించాలి. వియత్నాంలో స్థానిక దర్జీలు పులిచారల బట్టతో అమెరికన్ సలహాదారులకూ ప్రత్యేక దళాలకూ కావలసిన కత్తిరింపులలో దుస్తులు కుట్టి ఇచ్చారు. సైన్యపు నమూనా పుస్తకంలో లేని కోటు యుద్ధరంగంలో నిజంగా ఉండే అవకాశం ఉంది. కాబట్టి ‘అధికారికంగా లేదు’ అన్నంత మాత్రాన ‘లేనే లేదు’ అని నిర్ధారించకూడదు. దర్జీ కొట్టు లెక్కలు సైనిక దస్తావేజులలోకి ఎక్కవు.

తెలంగాణ పట్టణాలలోని రెడీమేడ్ దుకాణాలలో ఈ కాలక్రమాల పట్టింపు లేదు. ఆర్మీ ప్రింట్ ప్యాంట్లు, టోపీలు, పిల్లల చొక్కాలు పక్కపక్కనే వేలాడుతుంటాయి. సైన్యంలో చేరాలని పొద్దున్నే పరుగు తీసే యువకుడికీ, మురికి కనబడదని పొలం పనికి కొనుక్కునేవాడికీ అవే మచ్చలు. వాడుకలో ఉన్న ఈ బట్టలు గతాన్ని గురించి ఏ అబద్ధమూ చెప్పవు, ఎందుకంటే అవి గతం ఊసే ఎత్తవు. ‘పాతకాలపు’ అన్న విశేషణం తగిలించుకున్న కోటు మాత్రం ఒక చారిత్రక ప్రతిపాదన చేస్తోంది. పరిశోధకుడు దాన్ని పరీక్షించవలసిందే.

7. ఎవరి బట్ట?

సైనిక వస్త్రపు ప్రతికృతిని చట్టం మరో కోణంలో చూస్తుంది. భారత శిక్షాస్మృతి 140వ సెక్షన్ ప్రకారం, సైనికుడు కానివాడు తాను సైనికుడని ఇతరులు నమ్మాలన్న ఉద్దేశంతో సైనికుని దుస్తులను పోలిన దుస్తులు ధరిస్తే మూడు నెలల వరకు కారాగారం, లేదా 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 168వ సెక్షన్ అయింది. జరిమానా పరిమితి 2,000 రూపాయలకు పెరిగింది. చట్టం ఆధారపడింది బట్ట మీద కాదు, ఉద్దేశం మీద. కనుక మచ్చల కోటు వేసుకున్నంత మాత్రాన నేరం కాదు. కాని 2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరంపై దాడి చేసినవారు సైనిక దుస్తులలో వచ్చారు. ఆ తరువాత, అటువంటి బట్టలు అమ్మవద్దని వ్యాపారులకు, తొడగవద్దని పౌరులకు సైన్యం విజ్ఞప్తి చేసింది.

2022 జనవరి 15న సైనిక దినోత్సవ కవాతులో భారత సైన్యం కొత్త యుద్ధ దుస్తులను ప్రదర్శించింది. జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థతో కలిసి రూపొందించిన ఈ దుస్తుల వస్త్రంలో నూలు 70, పాలిస్టరు 30 పాళ్లు. గుండ్రని మచ్చల స్థానంలో చిన్నచిన్న చదరాల కూర్పు వచ్చింది. అదే ఏడాది ఈ రూపకల్పనను సైన్యం కోల్‌కతాలో మేధోసంపత్తిగా నమోదు చేయించుకుంది. పదేళ్ల హక్కు, మరో ఐదేళ్లు పొడిగించుకునే వీలు. రూపకల్పన నమోదుకు చట్టం కోరే మొదటి అర్హత కొత్తదనం. ప్రతికృతుల విపణి విలువకట్టేది పాతదనానికి. సైనిక వస్త్రం అనుకరణకు లోనయ్యే వస్తువని రాజ్యమే ఒప్పుకొని, శిక్షాస్మృతితో పాటు రూపకల్పనల చట్టాన్నీ ఆశ్రయించడం ఈ చరిత్రలో కొత్త మలుపు.

నల్లగొండ ప్రాంతంలో ఈ ప్రశ్నకు మరో ముఖం ఉంది. నక్సలైటు ఉద్యమ కాలమంతటా ‘ఆలివ్ గ్రీన్ దుస్తులలో’ అన్న పదబంధం తెలుగు పత్రికల ఎదురుకాల్పుల వార్తలలో స్థిరమైన భాగమైంది. దేశ సైన్యపు రంగునే దానితో పోరాడే దళాలు కూడా ధరించాయి. వారిని వెతకడానికి 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్ కూడా అడవి దుస్తులలోనే వెళ్లింది. నార్మండీ పొదలలోని సమస్యే ఇక్కడ నల్లమల అంచులలో మరో రూపంలో తలెత్తింది. మృతదేహం మీది దుస్తులే ఆ వ్యక్తి ఎవరన్నదానికి సాక్ష్యమైనప్పుడు, ఆ దుస్తులు చావుకు ముందువా, తరువాతవా అన్న ప్రశ్నను పౌరహక్కుల సంఘాలు పలు సందర్భాలలో లేవనెత్తాయి. బట్టలో తూటా రంధ్రం, శరీరంపై గాయం ఒకే చోట ఉన్నాయా, కొలత సరిపోయిందా, మట్టి అంటిందా అన్నవి ఆ ప్రశ్నలోని అంశాలు. 2014 సెప్టెంబరు 23న పి.యు.సి.ఎల్. కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు, ఇటువంటి మరణాలలో రక్తం అంటిన మట్టితో పాటు వెంట్రుకలు, వస్త్రపు పోగులు, దారాలను కూడా భద్రపరచాలని పేర్కొన్నాయి. ఖాకీ, ఆలివ్, మచ్చల బట్టల చరిత్రలో పోగునూ దారాన్నీ సాక్ష్యంగా పేర్కొన్న అత్యున్నత స్థాయి పత్రం ఇదే కావచ్చు.

1948లో విజయవాడ దళం ప్రవేశించిన సూర్యాపేట, 2020 జూన్ 15న గల్వాన్ లోయలో మరణించిన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు స్వస్థలం. 16 బిహార్ పటాలానికి నాయకత్వం వహించిన ఆయనకు మరణానంతరం మహావీర చక్ర లభించింది. మరుసటి ఏడాది అదే తేదీన పట్టణంలో ఆయన విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆయన మరణించే నాటికి సైన్యం ధరిస్తున్నది పాత మచ్చల అచ్చు. చదరాల కూర్పు వచ్చింది పందొమ్మిది నెలల తరువాత. రేపు ఎవరైనా ఆ ఘటనను చిత్రంగానో నాటకంగానో మలచినప్పుడు, ఆయనకు ఏ బట్ట తొడుగుతారన్నది సూర్యాపేట ప్రజలు గమనించగలిగిన విషయం.